చినార్ల వీధిలో మస్తూరక్క పిలుపు

తాష్కెంట్‌లోని ఆ వీధిలో ఫోను లేని ఇల్లు లేదు. అయినా పెళ్లి కబురుగానీ చావు కబురుగానీ మస్తూరక్క వచ్చి తలుపు కొట్టి చెబితేనే చెప్పినట్టు లెక్క. ఫోనులో పిలిస్తే, "అదీ ఒక పిలుపేనా, దారిన పోతూ విసిరేసినట్టు?" అని ముసలాళ్లు మూతి తిప్పుకునేవారు. ఆ పని ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది. అత్తగారికి ఎవరి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తు లేదు.

మస్తూరక్క రంగురంగుల పట్టు గౌను వేసుకుని గేటు ముందు నిలబడిందంటే పెళ్లి అన్నమాట. పిల్లలు "పులావు! పులావు!" అని ఎగిరేవాళ్లు. నీలం గౌను వేసుకుని, చెవులకు ఏమీ లేకుండా వచ్చిందంటే లోపలివాళ్లు ఆమె నోరు విప్పకముందే చేతిలో పని కింద పెట్టేసేవాళ్లు. ఆమె పిలిస్తే రానివాళ్లు లేరు. అన్నదమ్ములు ఆస్తి దగ్గర కొట్టుకుని ముఖాలు చూసుకోవడం మానేసినా, మస్తూరక్క పిలుపు మీద వచ్చి ఒకే చాప మీద కూర్చున్న సందర్భాలున్నాయి. ఆమెకు దాని గురించి గర్వం ఉండేది. ఉండదా మరి?

పిలుపులు లేని రోజుల్లో ఆమె బొంతలు కుట్టేది. పెళ్లికూతుళ్లకు ఇచ్చే లావుపాటి దూది బొంతలు. కుట్టు పనంతా వీధిలోనే. రోడ్డు పక్కన చినార్ చెట్ల వరుస, వాటి మొదళ్లను తడుపుతూ చిన్న నీటి కాలువ, ఆ కాలువకు అడ్డంగా వేసిన పెద్ద చెక్క మంచం. జూలైలో ఊరంతా పొయ్యి మీద పెనంలా కాలుతుంటే మస్తూరక్క మంచం మీద మాత్రం చల్లగా గాలి ఆడేది. కింద నీళ్లు, పైన ఆకులు. ఇద్దరు మనుషులు చేతులు చాచి కలిపినా చుట్టు అందని మానులవి. పక్కింటి గాల్యా బజారులో క్యారెట్ పచ్చడి అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చి ఆ మంచం మీదే వాలేది. గాల్యా కొరియన్ల ఇంటి మనిషి, మస్తూరక్కకు ముప్పై ఏళ్ల నేస్తం. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"మస్తూరా, నీ బొంతలో దూది ఎంతో నీ కబుర్లు అంత. కాస్త జరుగు, నడుం వాలుస్తా."

"పచ్చడి కంపు బొంతకు పట్టిందంటే పెళ్లికొడుకు పారిపోతాడే."

అలా సాగే వీధి అది. ఆ వీధి నోట్లో మట్టి కొట్టినవాడి పేరు ఎల్‌మురోద్.

చినార్ల వెనక పాత చెప్పుల ఫ్యాక్టరీ స్థలం ఉంది. ఎల్‌మురోద్ అది కొన్నాడు. కింద దుకాణాలు, పైన తొమ్మిది అంతస్తుల ఇళ్లు కడతానన్నాడు. దుకాణాలు రోడ్డుకు కనిపించాలి కదా. చినార్లు అడ్డం. బతికున్న చెట్టును కొట్టడానికి వీల్లేదని సర్కారు ఉత్తర్వు ఉంది. ఎండిపోయిన చెట్టునైతే కమిటీ చూసి, గుర్తు పెట్టి, తీసేయొచ్చు. ఈ సంగతి ఎల్‌మురోద్‌కు తెలుసు. వీధికి తెలియదు. వీధికి తెలిసిందల్లా ఎవరైనా మంచి మాట చెబితే నమ్మడం.

ఒక వసంతకాలం పొద్దున వీధి పెద్ద నిగ్మత్ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. తెల్ల గడ్డం, మంచి మనిషి, మాంసం అంటే ప్రాణం.

"మస్తూరా, శనివారం హషర్ పెడుతున్నాం. అందరికీ చెప్పాలి."

"ఎవరింట్లో గోడ కూలిందన్నా?"

"గోడ కాదమ్మా. ఆ కొత్తాయన ఎల్‌మురోద్ లేడూ, బంగారం లాంటి కుర్రాడు. వీధి బాగు చేద్దామంటున్నాడు. సిమెంటు ఆయనదే, పలకలు ఆయనవే, గొట్టాలు ఆయనవే. వాన పడితే మోకాలి దాకా బురదలో నడుస్తున్నాం కదా, ఆ పీడ వదులుతుంది. చేతులు మాత్రం మనం వెయ్యాలి."

"తిండి?"

"రెండు బాణళ్ల పులావు. మాంసం దగ్గర చెయ్యి బిగబట్టొద్దని గట్టిగా చెప్పా."

"అది చెప్పకుండా మీకు నిద్ర పడుతుందా?" అని మస్తూరక్క నవ్వింది. ఆ సాయంత్రమే పట్టు గౌను వేసుకుని బయలుదేరింది.

హషర్ అంటే వీధి వీధంతా చెయ్యి వేసే పని. కూలి అడగరు. రానని అనరు. ఈ రోజు నువ్వు నా గోడకు ఇటుక మోస్తావు, రేపు నేను నీ పైకప్పుకు మట్టి మోస్తాను. బయటివాడు వచ్చి తన సొంత లాభానికి దాన్ని వాడుకోవచ్చునని ఆ వీధిలో ఎవరి ఊహకూ అందలేదు. మస్తూరక్క ప్రతి గేటు దగ్గరా నిలబడి, "శనివారం హషర్. పారలు తెచ్చుకోండి, ఆకలి తెచ్చుకోండి" అని చెప్పింది.

శుక్రవారం సాయంత్రం ఆడవాళ్లంతా చేరి పులావుకు క్యారెట్లు తరిగారు. శనివారం పొద్దున్నే మగవాళ్లు కాలువలోకి దిగారు. అందులో గొట్టాలు పరిచి, పైన సిమెంటు పోసి మూసేశారు. దాని మీద చక్కటి బూడిదరంగు పలకలు, చెట్ల మొదళ్లను ఆనుకునేదాకా, సందు లేకుండా. మస్తూరక్క బకెట్లతో సిమెంటు మోసింది. కోడలు నసీబా చెట్ల మానులకు నడుమెత్తున సున్నం కొట్టింది. ఎల్‌మురోద్ కూడా చొక్కా చేతులు పైకి మడిచి, అందరినీ "పిన్నీ, బాబాయ్" అంటూ పార పట్టుకున్నాడు. పార పట్టుకున్నంతసేపూ ఎవడో ఫోటోలు తీశాడు. మధ్యలో బకెట్‌తో మస్తూరక్క, చెవులదాకా నవ్వుతూ.

బజారు వదిలి రాలేనని గాల్యా ఒక్కతే ఆ రోజు రాలేదు. దానికి వీధి ఆమెను నెల రోజులు దెప్పింది.

మరుసటి ఏడు జూన్‌లోనే చినార్ల ఆకులు అంచులు మాడి రాలడం మొదలైంది. ఎండ ఎక్కువన్నారు. తెగులన్నారు. ఎవరి దిష్టో అన్నారు. ఆ పై ఏడాది చాలా చెట్లు చిగురే వెయ్యలేదు. మస్తూరక్క మంచాన్ని గోడ నీడకు జరిపింది. గోడ నీడ నీడా? పది గంటలకే సూది వేళ్లలో జారిపోయేది, చెమట బొంత మీద పడేది. కళ్లు తిరిగి ఒకసారి పడిపోయింది కూడా.

ఆ వీధిలో ఆడవాళ్లు పొద్దున లేవగానే గేటు బయట నీళ్లు చల్లి ఊడుస్తారు. మస్తూరక్క కోడలిగా వచ్చిన మర్నాటి నుంచి అది ఏ రోజూ మానలేదు. ఒక పొద్దున ఎందుకో చీపురు పట్టుకునే ముందు చల్లిన నీళ్ల వంక చూసింది. నీళ్లు పలకల మీదుగా జారి, చినార్ మొదలు పక్క నుంచి పోయి, రోడ్డు మీదికి వెళ్లిపోయాయి. చుక్క ఇంకలేదు. ఇంకో బకెట్ తెచ్చి చెట్టు మొదట్లోనే పోసింది. అదీ అంతే. ఆమె బకెట్ పట్టుకుని అలా నిలబడిపోయింది. గాల్యా పచ్చడి డబ్బాలు బండికెక్కిస్తూ అరిచింది.

"ఏమైందే? దెయ్యాన్ని చూశావా?"

"గాల్యా... వీటికి నీళ్లు అందట్లేదు."

"కాలువలో వెళ్తున్నాయి కదా."

"కాలువ గొట్టంలో ఉంది. గొట్టం సిమెంటులో ఉంది. ఆ సిమెంటు నేను మోశా." ఆమె మాను మీద చెయ్యి వేసింది. "దాహంతో చంపాం వీటిని. పిలిచి మరీ చంపించా."

గాల్యా డబ్బాలు దించేసి వచ్చింది. మస్తూరక్క చేతిలోని బకెట్ తీసుకుని, "ఆ రోజు నేనున్నా పలకలు మోసేదాన్నేలే," అంది. అంతకంటే ఓదార్పు ఆమెకు తెలియదు.

వారం తిరక్కుండా చెట్ల కమిటీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, చేతిలో ఎర్ర రంగు డబ్బా. వరుసగా ప్రతి మాను మీదా ఎర్ర గుర్తు కొట్టుకుంటూ పోయాడు. వరుస చివర, స్కూలు గోడ దగ్గర, నాలుగు చెట్లు పచ్చగా ఉన్నాయి. అక్కడ భూమిలో పాత నీటి గొట్టం పగిలి ఏళ్ల తరబడి కారుతోంది. బాగు చేయమని నిగ్మత్ ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ పట్టించుకోలేదు. సర్కారు బద్ధకమే ఆ నాలుగింటి ప్రాణం కాపాడింది. కుర్రాడు వాటి మీద కూడా రంగు కొట్టబోయాడు. మస్తూరక్క అడ్డం వెళ్లింది.

"బాబూ, ఇది ఎండిందా?"

"ఎండింది పిన్నిగారూ."

ఆమె ఒక కొమ్మ వంచి అరచేయంత ఆకును అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇదేంటి మరి? నీ కళ్లేమైనా ఎండాయా?"

"పైకి అలా కనిపిస్తుంది. లోపల ఎండిపోయింది," అని అతను ఆకు వంక చూడకుండా రంగు కొట్టేశాడు. తల్లి పాలు తాగిన మనిషి అలా అబద్ధం ఆడగలడా అని మస్తూరక్కకు నిజంగానే అర్థం కాలేదు.

"ఎవరు ఎండబెట్టారో అది రాసుకోవా?"

"ఎవరో ఎందుకు? మీ వీధివాళ్లే చేయించుకున్నారుగా. రేపు పొద్దున కొయ్యడానికి రంపాలు కూడా వస్తాయి. అదిగో, అక్కడ చూడండి."

ఫ్యాక్టరీ స్థలం ముందు కొత్త బోర్డు వెలిసింది. పైన కట్టబోయే భవనం బొమ్మ, దాని ముందు గీసిన పచ్చటి చెట్లు, నిజమైన చినార్ల కంటే పచ్చగా. కింద హషర్ ఫోటో, 'వీధి ప్రజల కోరిక మేరకు' అన్న మాట. నడుమ బకెట్‌తో మస్తూరక్క నవ్వుతోంది.

ఒళ్లు మండిపోయింది ఆమెకు. చెట్లను చంపడమొక ఎత్తు. చంపిన చేతులు ఈమెవేనని బోర్డు కట్టడమొక ఎత్తు.

తిన్నగా చాయ్ కొట్టుకు వెళ్లింది. ఆడది మగాళ్ల చాయ్ కొట్టు మెట్లెక్కడం ఆ వీధి ఎరగదు. నిగ్మత్, మరో పదిమంది పెద్దలు చదరంగం ముందు కూర్చుని ఉన్నారు.

"రేపు పొద్దున రంపాలు వస్తున్నాయి. బతికున్న నాలుగింటిని కూడా కోస్తారు. కూర్చుని గుర్రాలు, ఏనుగులు జరుపుతున్నారా?"

నిగ్మత్ నీళ్లు నమిలాడు. "ఏం చెయ్యమంటావమ్మా? ఆయన ఉప్పు తిన్నాం. చేతులు కడుక్కుని తిని, దీవించి వచ్చాం. ఏ ముఖం పెట్టుకుని అడ్డం నిలబడతాం?"

"ఆయన ఉప్పా?" మస్తూరక్క గొంతు లేచింది. "బియ్యం ఆయనవి. బాణళ్లు ఎవరివన్నా? వీధివి. పొయ్యిలో కట్టెలు ఎవరివి? మా పెరటివి. క్యారెట్లు తరిగి మా వేళ్లు పసుపెక్కాయి. కాలువ పూడ్చి మీ నడుములు విరిగాయి. తనకు కావలసిన పని మనతో ఊరికే చేయించుకుని, నాలుగు మాంసం ముక్కలు మన నోట్లో కుక్కి, నోరు కట్టేశాడు. అది ఉప్పు కాదన్నా, ఎర. మనం మింగాం."

"మాటలు జాగ్రత్త, మస్తూరా."

"నా మాట మీద కదా మీరంతా వెళ్లింది. ఇంకా జాగ్రత్తేంటి?"

అయినా ఎవరూ కదల్లేదు. ఒకాయన మంత్రిని ఒక గడి జరిపాడు. ఆమె మెట్లు దిగి వచ్చేసింది.

మర్నాడు తెల్లవారుతుండగా మస్తూరక్క నీలం గౌను తీసి వేసుకుంది. చెవి కమ్మలు విప్పి అలమరలో పెట్టింది. కోడలు నసీబా గుమ్మంలో నిలబడి గుండె పట్టుకుంది.

"అత్తయ్యా, ఎవరు?"

"నువ్వు లోపలే ఉండు. రేపు ఎవరైనా అడిగితే నాకేం తెలీదని చెప్పు."

"వద్దు అత్తయ్యా. చావు కబురుతో ఆటలు కాదు. ఆ తర్వాత మిమ్మల్ని ఎవరూ గుమ్మం దగ్గరికి కూడా రానివ్వరు."

"తెలుసే," అని మస్తూరక్క బయటికి నడిచింది.

మొదటి గేటు కొట్టింది. తలుపు తీసిన మనిషి నీలం గౌను చూసి తెల్లబోయాడు. ఆమె ఎవరు పోయారో చెప్పలేదు. "నడుముకు గుడ్డ కట్టుకుని వీధి చివరకు రండి," అని మాత్రం చెప్పి రెండో గేటుకు వెళ్లింది. ఆ ఊళ్లో ఆ మాటకు ఒక్కటే అర్థం. పోయినవాళ్ల ఇంటి మగాళ్లు నిలువు కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, నడుముకు గుడ్డ చుట్టి, గేటు దగ్గర వరుసగా నిలబడతారు. ఆ పిలుపు వచ్చాక పగ ఉందనో, తీరిక లేదనో ఆగినవాడు లేడు. ఎంత గొప్పవాడి ఉప్పు తిన్నా సరే, చావు ముందు అది లెక్కకు రాదు.

వచ్చారు. కోట్ల గుండీలు పెట్టుకుంటూ, గుడ్డలు ముడి వేసుకుంటూ, ముసలీ ముతకా అందరూ వచ్చారు. స్కూలు గోడ దగ్గర, ఆ నాలుగు చినార్ల కింద మస్తూరక్క ఒక్కతే నిలబడి ఉంది.

"ఎవరమ్మా? ఎవరు పోయారు?" నిగ్మత్ ఆయాసపడుతున్నాడు.

ఆమె ఎండిన మానుల వరుస వైపు చెయ్యి చూపించింది. "వీళ్లు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వీధి భగ్గుమంది. 

"మతి పోయిందా నీకు? మా అమ్మ గుండె జబ్బు మనిషి! నీలం గౌను చూసి కుప్పకూలింది!"

"చెట్లకోసం చావు కబురా? థూ!"

"తిట్టండి," అంది మస్తూరక్క. "ఇకమీదట నా పిలుపు వినొద్దు, సరే. కానీ ఆ రోజు పట్టు గౌను వేసుకుని అబద్ధపు పిలుపు పిలిచా. అది అబద్ధమని నాకు తెలీదు. ఈ రోజు పిలిచింది నిజం. మన తాతలు నీళ్లు పోసిన చెట్లు మన చేతుల మీదే పోయాయి. పెద్దలు పోతే నిలబడరా మీరు? ఈ నాలుగైనా మిగిలాయి. వీటినీ పూడ్చి పెట్టాకే ఇళ్లకు పోతారా?"

కొందరు ఉమ్మేసి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు, ఆమెతో మళ్లీ మాట్లాడనూ లేదు. మిగతావాళ్లు వెళ్లాలా ఉండాలా తేల్చుకోలేక గోడ వెంబడి నిలబడ్డారు. అంతలో లారీ వచ్చి ఆగింది.

రంపాల వాళ్లు ఆ దేశపు దక్షిణాన ఉన్న పల్లెల నుంచి వచ్చిన కూలీలు. దిగారు, చూశారు. తెల్లవారుజామున, నిలువు కోట్లలో, నడుముకు గుడ్డలు కట్టుకున్న మగాళ్ల వరుస. మేస్త్రీ వెంటనే రంపం కింద పెట్టి, టోపీ సరిచేసుకుని, నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతని వెనక కూలీలంతా కూర్చున్నారు. అరచేతులు చాచి దువా చదివి, ముఖాలు తుడుచుకున్నారు. మేస్త్రీ లేచి, వరుసలో పెద్దవాడైన నిగ్మత్ దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"దేవుడు మీకు ఓర్పునివ్వాలి తాతా. ఎవరు పోయారు?"

ఎవరూ పోలేదని నిగ్మత్ ఒక్క మాటంటే చాలు, రంపాలు మొదలవుతాయి. ఆయన మస్తూరక్క వంక చూశాడు. ఆ చూపులో కోపం తగ్గలేదు. తర్వాత ఎండిన వరుసను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు.

"మా పెద్దలు, నాయనా. ఒకరు కాదు, చాలామంది," అన్నాడు. "మేమే చంపుకున్నాం."

మేస్త్రీ ఆ మానులను చూశాడు, పలకలను చూశాడు. పల్లెటూరి మనిషి, నీళ్లు మూసేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. "చావింటి ముందు రంపం ఆడించం," అని కూలీలను లారీ ఎక్కమన్నాడు.

కాసేపటికి ఎల్‌మురోద్ కారు వచ్చింది. ఈసారి పిన్నీ, బాబాయ్ లేవు. "నా అన్నం తిని నాకే అడ్డం తిరుగుతారా? సిగ్గు లేదూ?" అని అరిచాడు.

"సిగ్గుంది కాబట్టే నిలబడ్డాం," అన్నాడు నిగ్మత్. "గడ్డపారలు తెండ్రా!"

అది హషరే. ఎవరూ పిలవని హషర్. నిలువు కోట్లు గోడ మీద పడేసి, నడుము గుడ్డలు అలాగే ఉంచుకుని, వేసిన చేతులే పలకలు పెకలించాయి. గాల్యా ఆ రోజు బజారుకు వెళ్లలేదు, బండి మీద పచ్చడికి బదులు సిమెంటు పెంకులు తోసింది. మధ్యాహ్నానికి గొట్టం పగిలింది. కాలువ నీళ్లు నాలుగు మొదళ్ల చుట్టూ నిండి, మట్టి గుటగుట తాగింది. గోల పెద్దదై, ఎవరో తీసిన ఫోటోలు ఊరంతా పాకి, ఆ నాలుగింటి మీద ఎర్ర గుర్తులు చెరిపేయక కమిటీకి తప్పలేదు. ఎండినవాటిని మాత్రం ఆ తర్వాత వారంలో కోసుకుపోయారు. ఎల్‌మురోద్ భవనం లేచింది. అతనికి ఏమీ కాలేదు. కమిటీ కుర్రాడికీ ఏమీ కాలేదు. చెట్లను దాహంతో చంపడం ఏ చట్టంలోనూ నేరంగా లేదట.

ఆ శరదృతువులో వీధిలో రెండు పెళ్లిళ్లు జరిగాయి. పిలుపులకు మస్తూరక్కను పంపలేదు. నిగ్మత్ కోడలు గేటు గేటుకూ తిరిగి పిలిచింది. మస్తూరక్క మామూలు అతిథిలా వెళ్లి, ఒక మూల కూర్చుని తినేసి వచ్చింది. ఇంటికొచ్చాక ఏడ్చింది. నసీబా చూసీ చూడనట్టు ఊరుకుంది.

తర్వాత ఆమె పేరు మీద సమన్లు వచ్చాయి. ప్రజల సొత్తయిన పలకలు పగలగొట్టినందుకు జరిమానా. ఆఫీసులో గుమాస్తా కళ్లద్దాలు సర్దుకుని అడిగాడు.

"వీధి పలకలు పగలగొట్టారు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటా."

"మొదట గడ్డపార వేసింది మీరేనా?"

"ఆ బరువు నేను ఎత్తలేకపోయా. లేకపోతే నేనే."

అతను రాసుకుంటూ, "ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు.

"చెప్పాలి. ఆ పలకలు పరిచిన రోజు కూడా నేనున్నా. వీధి వీధినీ పిలిచింది నేను. సిమెంటు మోసింది నేను. దాంతో అన్ని చెట్లు చచ్చాయి. పగలగొట్టినందుకు నాలుగు బతికాయి." ఆమె బల్ల మీదికి వంగింది. "బతికించినందుకు జరిమానా వేశారు, కడతా. మరి చంపినందుకు ఎంతో చెప్పండి బాబూ. అది కూడా కట్టిపోతా."

గుమాస్తా నిబంధనల పుస్తకం పేజీలు తిప్పాడు. పక్క బల్ల దగ్గర పని చేసుకుంటున్న ఆవిడ తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది.

"దానికి జరిమానా లేదమ్మా," అన్నాడు గుమాస్తా.